మీ భుజం మీద మచ్చ వెనక మదనపల్లె లెక్క

ఈరోజు హార్స్లీ హిల్స్ పైనుంచి మాట్లాడుతున్నా. మధ్యలో గాలి శబ్దం వస్తే కొంచెం సర్దుకోండి.

ముందు ఒక పని చేయండి. మీ ఎడమ భుజం చూసుకోండి. చిన్న మచ్చ ఉందా? మనలో చాలామందికి ఉంటుంది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా గుర్తు అది. క్షయ, అంటే టీబీ రాకుండా వేసేది.

రెండు నెలల కిందట పుంగనూరు నుంచి నా బీటెక్ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాడికి పాప పుట్టింది. "రేయ్, బీసీజీ పనిచేయదని మన దేశంలోనే తేలిందంట, వాట్సాప్‌లో వచ్చింది. పాపకు వేయించాల్నా, వద్దా?" అన్నాడు. నేను డాక్టర్‌ని కాదు. కానీ ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆర్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేటప్పుడు నేను ఒక బీసీజీ డేటాసెట్‌తో ప్రాక్టీస్ చేశాను. అందులో 13 అధ్యయనాలు ఉంటాయి. వాటిలో ఒక వరుస మా మదనపల్లెదేనని చాలా రోజులకు గానీ తెలియలేదు! ఊరి పక్కన ఆరోగ్యవరంలో పాత టీబీ శానిటోరియం ఉంది కదా, అక్కడి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం 1950లలో చుట్టుపక్కల జనంలో చేసిన పరీక్ష అది. ఒకరికి టీకా, తర్వాతివాళ్లకు లేదు, ఇలా విడదీశారు.

ఇప్పుడు లెక్క చూడండి. టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి టీబీ వచ్చింది. వేసుకోని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. అంటే సుమారు 20 శాతం తగ్గింది. అదే టేబుల్‌లో బ్రిటన్ వరుస చూస్తే 76 శాతం తగ్గింది. తర్వాత తమిళనాడులోని చెంగల్పట్టులో చాలా పెద్ద పరీక్ష చేశారు. ఒక్కో వైపు 88 వేల మందికి పైగా. టీకా వైపు 505 కేసులు, రెండో వైపు 499. తేడానే లేదు. మావాడికి వచ్చిన మెసేజ్ ఇక్కడిదే.

మరి అప్పుడే టీకా ఎందుకు ఆపలేదు?

ఇక్కడే నిపుణుల బృందాల పని మొదలవుతుంది. 1980లో ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఈ ఫలితాలను ముందేసుకుని కూర్చున్నారు. "పనిచేస్తుందా, లేదా" దగ్గరే ఆగలేదు. "ఎవరికి? ఏ రకం టీబీ నుంచి?" అని అడిగారు. చెంగల్పట్టులో ముఖ్యంగా చూసింది పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని. పసిపిల్లల ప్రాణం తీసేది వేరే. మెదడు పొరలకు వచ్చే టీబీ, ఒళ్లంతా పాకే టీబీ. ఆ ప్రశ్నకు చెంగల్పట్టు లెక్కలో జవాబు లేదు. పిల్లలను ఆ రకాల నుంచి బీసీజీ కాపాడుతుందని వేరే ఆధారాలు ఉన్నాయి. అందుకే పసిపిల్లలకు కొనసాగించమన్నారు.

మన దేశంలో ఇప్పుడు ఈ పని చేసేది ఎన్‌టాగి. 2001లో ఏర్పడింది. జబ్బు భారం ఎంత, టీకా భద్రమా, ఖర్చు తగినదేనా, మన చలువ పెట్టెల్లో, మన ఏఎన్ఎంల చేతుల మీదుగా ఊరూరికీ చేరుతుందా, ఇవన్నీ చూసి సలహా ఇస్తుంది. ఆఖరి నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే. అందుకే ఆ సలహాకు కారణాలేంటో, సభ్యులకు టీకా కంపెనీలతో సంబంధాలున్నాయో లేదో బయటికి తెలియాలి. అడిగే హక్కు మనకుంది. కారణం చెప్పకుండా "నమ్మండి" అంటే, ఆ ఖాళీలోకి వాట్సాప్ దూరుతుంది.

మావాడికి ఇదంతా చెప్పి, "ఏఎన్ఎం అక్కను కూడా అడుగు" అన్నాను. అడిగాడు, వేయించాడు. మొన్న ఫోటో పంపాడు. పాప భుజం మీద చిన్న బొబ్బ. "ఇది మామూలేనంట, అక్క చెప్పింది" అన్నాడు. అదే రేపటికి మచ్చ అవుతుంది.

మీ ఇంట్లో ఇలాంటి ప్రశ్న ఏదైనా ఉంటే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.