కారుకి బ్రేస్ వేసే ముందు కారు కింద పడుకోండి

ఎపిసోడ్ మొదట్లో ఒక పది సెకన్ల క్లిప్ వేశాను, చూశారు కదా. కారు లోపలి అద్దం గజగజా వణుకుతోంది. ఇంజిన్ బానే ఉంది, టైర్లు బ్యాలెన్స్ చేయించినవే. రోడ్డు మీద చిన్న గతుకు వస్తే చాలు, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. స్టీరింగ్ కాలమ్ కూడా ఊగుతుంది. పాత ఓపెన్ టాప్ కార్లు ఉన్నవాళ్లు దీన్ని కౌల్ షేక్ అంటారు. అంటే ముందు అద్దం కింద భాగం ఒకలా, మిగతా బాడీ ఇంకోలా కదులుతున్నాయన్నమాట.

ఆ కారు నాది కాదు. నేను ఆన్‌సైట్ కని న్యూజెర్సీలో రెండేళ్లు ఉన్నాను. అప్పుడు నా రూమ్మేట్ కొన్న కారు అది. 1992 మాజ్డా మియాటా, ఎరుపు రంగు. మాది ఒకే కాలేజీ, ఇద్దరం మెకానికల్ బీటెక్ చేసి ఇద్దరం జావా రాసుకుంటూ బతికాం. మీలో సగం మందికి ఈ కథ తెలుసు, మళ్లీ చెప్పను. పేరు చెప్పొద్దురా అన్నాడు కాబట్టి వాణ్ణి మామ అంటాను, ఎలాగూ అలాగే పిలుస్తాను.

మియాటా గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. రెండు సీట్లు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకి పవర్, బరువు టన్నుకి కాస్త తక్కువ. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయిన టూ సీటర్ ఓపెన్ కారుగా గిన్నిస్ రికార్డు దీనిదే. 2016కి పది లక్షల కార్లు దాటాయి. పాతవి ఇంకా దొరుకుతాయి, పార్టులు దొరుకుతాయి, వీటికి బ్రేస్‌లు తయారుచేసి అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. కొలరాడోలో ఉన్న ఫ్లయిన్ మియాటా పేరు మీరు వినే ఉంటారు.

ఇంతకీ ఎందుకు వణుకుతుంది? ఇదిగో, పూతరేకుల డబ్బా. మూత పెట్టి రెండు చివర్లూ పట్టుకుని మెలిపెడుతున్నా, చూడండి. గట్టిగా ఉంది. ఇప్పుడు మూత తీసి మెలిపెడతా. చూశారా, తడిగుడ్డ పిండినట్టు తిరిగిపోయింది. అట్ట అదే, సైజు అదే, మూత ఒక్కటే లేదు. మామూలు కారుకి పైకప్పే ఆ మూత. ఓపెన్ టాప్ కారుకి అది లేదు కాబట్టి బలమంతా కింద నుంచే రావాలి. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్, మధ్యలో టన్నెల్, ఫ్లోర్ కింద రెండు ఫ్రేమ్ రెయిల్స్, ఇవే దిక్కు. ఈ సంగతి మాజ్డాకీ తెలుసు. 1994 మోడల్‌కి 1.8 ఇంజిన్ పెట్టినప్పుడు సీట్ల వెనక సీట్‌బెల్ట్ టవర్లని కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ వేశారు, ముందు వెనక సబ్‌ఫ్రేమ్‌ల దగ్గర కూడా బ్రేసింగ్ పెంచారు. మామ కారు 92 కాబట్టి అవేవీ లేవు.

సరే, ఇంజనీర్లం కదా, మనమే చేసేద్దాం అనుకున్నాం. హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక ఇనుప గొట్టం తెచ్చి, రెండు చివర్లూ సుత్తితో చదును చేసి, బెజ్జాలు వేసి, ఇంజిన్ పైనుంచి ముందు రెండు టవర్లకీ బోల్టు చేశాం. స్ట్రట్ బార్ అన్నమాట. నల్ల పెయింట్ కూడా వేశాం. ఫొటోలో అదిరిపోయింది. రోడ్డు మీద అద్దం అలాగే వణికింది, మా మొహాలు మాత్రం మారాయి.

ఎందుకు పనిచేయలేదో ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే మూడు తప్పులు దొరికాయి. మొదటిది కొంచెం సిగ్గుపడాల్సిందే. మియాటాకి ముందు స్ట్రట్ సస్పెన్షనే లేదు, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ ఉంటుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండే మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ అయితే, మలుపులో చక్రం నుంచి వచ్చే పక్క తోపుడులో కొంత స్ట్రట్ పైభాగానికి, అంటే టవర్‌కి చేరుతుంది. అక్కడ బార్‌కి పని ఉంటుంది. డబుల్ విష్‌బోన్‌లో ఆ పక్క తోపుడంతా కింద సబ్‌ఫ్రేమ్‌కే పోతుంది. మేము వేసిన బార్‌కి పెద్దగా పనే లేదు.

రెండోది, చివర్లు చదును చేయడం. గొట్టం గొట్టంలా ఉంటేనే దానికి బలం. చదును చేసిన చోట అది రేకు ముక్క. పైగా ఇంజిన్ అడ్డొస్తోందని బార్‌ని కాస్త వంచాం. వంచిన బార్‌ని రెండు వైపుల నుంచీ నొక్కితే అది విల్లులా ఇంకా వంగుతుంది తప్ప ఆపదు. తిన్నగా ఉండే బార్ సన్నదైనా దానికన్నా నయం.

మూడోది నాకు ఇష్టమైన పాయింట్. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దొడ్డి గేటు ఉండేది. నాలుగు చెక్కలతో చేసిన గేటు ఆర్నెల్లకి ఒక పక్కకి జారి, కింద మూల నేలకి గీసుకునేది. వడ్రంగి తాత వచ్చి ఇంకో అడ్డ చెక్క వేయలేదు, ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా ఒకటి కొట్టాడు. మళ్లీ కదల్లేదు. టవర్ నుంచి టవర్‌కి వేసే బార్ ఐదో అడ్డ చెక్క. కారు కింద మెలితిరుగుతుంటే కావాల్సింది త్రికోణాలు. ఫ్రేమ్ రెయిల్స్‌ని ఐమూలగా కలిపే బటర్‌ఫ్లై బ్రేస్‌లు అందుకే అలా ఉంటాయి. చాలామంది మియాటా ఓనర్లు పొరబడేది ఇంకోటుంది. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా కింద పొడుగ్గా ఒక అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది, పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. అది ఆ రెండింటినీ ఒక వరసలో పట్టి ఉంచడానికి. బాడీ మెలితిరగడాన్ని ఆపడం దాని పని కాదు.

ఇక్కడ డబ్బుకి సంబంధించిన మాట ఒకటి. ‘క్రోమోలీ స్టీల్ బార్, రెట్టింపు స్టిఫ్’ అని అమ్ముతుంటారు. నమ్మకండి. బలం వేరు, బిగువు వేరు. ఎంత లోడ్‌కి శాశ్వతంగా వంగిపోతుంది అన్నది బలం, అందులో క్రోమోలీ గొప్పదే. కానీ అదే లోడ్‌కి ఎంత సాగుతుంది అన్నది బిగువు. అది మామూలు ఇనుముకీ ఖరీదైన స్టీల్‌కీ దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్. అల్యూమినియం అయితే 70 దగ్గర, అందుకే దాన్ని లావుగా చేయాలి. బ్రేస్‌కి కావాల్సింది బిగువు. గొట్టం వ్యాసం పెంచండి, చివర్లు సరిగా బిగించండి, మెటల్ పేరుకి డబ్బులివ్వకండి.

సరే, కథకి వద్దాం. మామ పౌరుషానికి పోయి ఫ్రేమ్ రెయిల్ బ్రేస్‌లు ఆర్డర్ పెట్టాడు. పెట్టెలో వచ్చాయి. అవి వేసే ముందు ఒక కొలత తీసుకుందాం, తర్వాత తేడా తెలుస్తుంది కదా అన్నాను. ఇది మీరూ చేయొచ్చు. తలుపు వెనక అంచుకీ బాడీకీ మధ్య సందులో ఎంత లావు డ్రిల్ బిట్ పడుతుందో చూడండి. తర్వాత ఒక మూల జాకీతో లేపి మళ్లీ చూడండి. మా కారులో మామూలుగా 5 మి.మీ. బిట్ పడింది. ముందు ఎడమ మూల లేపితే 3 మి.మీ. బిట్ మాత్రమే పట్టింది, తలుపు కూడా బిర్రుగా తెరుచుకుంది.

తర్వాత వెనక చక్రం ముందున్న జాకీ పాయింట్ కింద పెట్టి లేపాం. కరకరమని శబ్దం. అప్పడం విరిచినట్టు. కారు లేవలేదు, జాకీ లోపలికి పోయింది.

కిందకి దించి, మళ్లీ గట్టి చోట లేపి, స్టాండ్లు పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి, ప్లీజ్) టార్చ్ వేసి చూశాం. పైన ఎరుపు రంగు నిగనిగలాడుతోంది. లోపల సిల్ తుప్పు పొడి. స్క్రూడ్రైవర్ పొడిస్తే దిగిపోతోంది. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం తెచ్చి పక్కన పెడితే అతుక్కోలేదు, జారి కింద పడింది. గోడకి లప్పం పెట్టినట్టు పుట్టీ పెట్టి, పెయింట్ కొట్టి, కింద నల్ల కోటింగ్ వేసి అమ్మేశారు.

అసలు తుప్పు అక్కడికెలా వచ్చిందంటే, టాప్ వెనక వైపు వాన నీళ్లు పోవడానికి రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలుంటాయి. ఆకులు, మట్టి పడి అవి మూసుకుపోతే నీళ్లు బయటికి పోకుండా సిల్ లోపలికి చేరతాయి. దానికి తోడు అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. లోపల నుంచి నీళ్లు, బయట నుంచి ఉప్పు. ముప్ఫై ఏళ్ల కారు ఎంతకని తట్టుకుంటుంది.

ఇప్పుడు ఈ పీవీసీ పైపు చూడండి. 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం. మెలిపెడితే కదలదు. ఇదిగో రెండోది, అదే పైపు, పొడుగునా ఒక్క గాటు పెట్టాను. మెటీరియల్ ఏమీ పోలేదు. మెలిపెడితే? పిల్లాడు కూడా తిప్పేస్తాడు. మూసి ఉన్న గొట్టం బిగువుని, చీల్చిన గొట్టం బిగువుతో భాగిస్తే, వ్యాసార్థాన్ని మందంతో భాగించి, దాని వర్గాన్ని మూడుతో గుణించినంత వస్తుంది. ఈ పైపుకి దాదాపు 470 రెట్లు. బీటెక్ రెండో ఏడు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో రాసి, పాసై, మర్చిపోయిన ఫార్ములా. సిల్ అనేది ఇలాంటి మూసిన గొట్టమే. జానెడు తుప్పుకి మొత్తం బిగువు పోదు కానీ, సీమ్ తిన్నకొద్దీ అది గొట్టం నుంచి చీల్చిన గొట్టం అవుతూ ఉంటుంది. మేము కొన్న బ్రేస్ ఫ్రేమ్ రెయిల్స్‌కి బిగుస్తుంది. పోయింది సిల్. బ్రేస్ వేసి ఉంటే వణుకు కాస్త తగ్గేది, మేం పార్టీ చేసుకునేవాళ్లం, సిల్ గురించి ఎప్పటికీ తెలిసేది కాదు. పక్క నుంచి ఎవరైనా గుద్దితే తలుపుతో పాటు అడ్డం ఉండేది ఆ సిల్లే. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద మూడు నెలలు ఆ పక్క సీట్లో కూర్చున్నది నేను.

మామ ఆ రాత్రి అన్నం తినలేదు. ‘బ్రేస్ వేసేసి అమ్మేద్దాంరా’ అన్నాడు ఒకసారి. నేనేం అనలేదు. పొద్దున్నే వాడే ‘వద్దులే, కొన్నోడు కూడా మనలాంటోడే అయ్యుంటాడు’ అన్నాడు.

వెల్డింగ్ మేం చేయలేదు. ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదట చేసిన పని చూసి చాలా నేర్చుకున్నా. సిల్ కోయక ముందు, తలుపులు తీసేసి, ఆ ఖాళీలో ముందు నుంచి వెనక్కి తాత్కాలికంగా గొట్టాలు వెల్డ్ చేశాడు. ఎందుకంటే ఓపెన్ కారుకి సిల్ కోసేస్తే బాడీ మధ్యలో కిందకి జారుతుంది, అలా జారిన కొలతతోనే కొత్త సిల్ అతికిస్తే తలుపులు ఇక జన్మలో సరిగా పడవు. తుప్పు కనబడినంత వరకే కాదు, మెరిసే ఇనుము వచ్చేదాకా కోశాడు. బిల్లు కారు రేటులో సగం అయింది.

తర్వాత బ్రేస్‌లు వేశాం. పాత రోజుల్లో ఎవరో లిఫ్ట్ తప్పుగా పెట్టి ఫ్రేమ్ రెయిల్స్ నొక్కేశారు, వాటిని ముందు తిన్నగా చేయాల్సొచ్చింది. ఇది ఈ కార్లలో మామూలే, రెయిల్ రేకు పల్చన. మళ్లీ అదే మూల లేపి బిట్ పెడితే 4 మి.మీ. పట్టింది. తలుపు మామూలుగా తెరుచుకుంది. అద్దం ఇంకా కొంచెం వణుకుతుంది, కానీ వెనక బండి ఒక్కటే కనిపిస్తోంది. ఇందులో సిల్ వాటా ఎంత, బ్రేస్ వాటా ఎంత అంటే చెప్పలేను, మధ్యలో కొలవలేదు. ఆ తప్పు నాదే.

తర్వాత మామ రోల్ బార్ కూడా వేద్దామన్నాడు. దానివల్ల వెనక భాగం బిగుస్తుంది, నిజమే. కానీ తల వెనక ఇనుప గొట్టం, హెల్మెట్ లేకుండా రోజూ ఆఫీసుకి. సరైన ప్యాడింగ్ వేసి, నీ ఎత్తుకి సీటు దగ్గర ఎంత ఖాళీ ఉందో చూసుకునే వరకు వద్దన్నా. ఆగాడు.

మన దగ్గర పాత కారుకి ఇవన్నీ చేయొచ్చా అని అడిగేవాళ్లకి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. బాడీని కోసి వెల్డ్ చేసే పని పెట్టుకునే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. అయస్కాంతం, టార్చ్ పట్టుకుని కారు కింద చూడ్డానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్కన తిరిగిన సెకండ్ హ్యాండ్ కారు అయితే తప్పకుండా చూడండి.

మొన్న మామ వీడియో కాల్ చేశాడు. కారు గ్యారేజీలో కవర్ కింద ఉంది, మంచు మొదలైతే బయటికి తీయడట. చేతిలో ఒక సన్నటి ప్లాస్టిక్ కేబుల్ పట్టుకుని చూపించాడు, డ్రెయిన్ గొట్టాల్లో దూర్చి శుభ్రం చేయడానికి. మేం చేసిన ఆ నల్ల స్ట్రట్ బార్ ఏమైందిరా అంటే, కెమెరా తిప్పి చూపించాడు. గ్యారేజీలో రెండు మేకుల మధ్య పెట్టి, దాని మీద తువ్వాళ్లు ఆరేశాడు.