మన బిడ్డలను ఏ బడికి పంపుదము?

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈస్టరు పండుగ దాటి వేసవి సెలవులు వచ్చేసరికి గురువుల ఇంటికి ఒక ప్రశ్న వస్తుంది. "అయ్యగారూ, పిల్లవాడిని ఏ బడిలో వేయమంటారు? మన క్రైస్తవుల బడి అయితే మంచిది గదా!" అని అడుగుతారు. మేము చాలాకాలము ఆ ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పినాము. అది మా ఇంటిలోనే ఎదురైన తరువాత గాని దాని బరువు మాకు తెలియలేదు.

మా పెద్దవాడిని పట్టణములో ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్పించినాము. పేరు ముందు 'సెయింట్' అని ఉన్నది. గేటు మీద సిలువ ఉన్నది. ఇంగ్లీషు మీడియము, టై, బూట్లు, బస్సు అన్నీ ఉన్నవి. ఇంతకంటె ఏమి కావలెననుకున్నాము. ఫీజు మా జీతమునకు మించినది. అమ్మగారి గాజులు కుదువ పెట్టి మొదటి టర్ము కట్టినాము.

వాడు మూడవ తరగతిలో ఉండగా, ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మ, "నాయనా, నా కళ్ళకు మసకగా ఉన్నది. ఈ పూట కీర్తన నువ్వు చదువు" అని బైబిలు వాని చేతికిచ్చినది. వాడు పుటవైపు చూచి తల వంచుకున్నాడు. తెలుగు అక్షరములు కూడబలుకుకొనుట కూడ వానికి రాలేదు. మా అమ్మ ఒక్క మాట అనలేదు. బైబిలు తిరిగి తీసుకొని, తనకు కంఠతా వచ్చిన కీర్తన చెప్పి ప్రార్థన ముగించినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాత విచారించగా, ఆ బడికి ఏ సంఘముతోను సంబంధము లేదనియు, కొందరు భాగస్థులు దానిని వ్యాపారముగా నడుపుచున్నారనియు తెలిసినది. వారు మమ్మును మోసగించినారని చెప్పలేము. మేమే అడుగలేదు. సిలువను చూచి ప్రశ్నలు మానుకున్నాము. నేడు మీతో చెప్పదలచినది ఇదే: క్రైస్తవ పాఠశాల అనునది గేటు మీది పేరును బట్టి కాదు, లోపల బోధించువారిని బట్టియు, అక్కడ ఏ బిడ్డకు చోటున్నదో దానిని బట్టియు తెలియవలెను.

మన పితరుల కాలము ఒకసారి జ్ఞాపకము చేసికొందము. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు చేరి, సువార్త పనితో పాటు బడుల పని చేపట్టినాడు. 1841లో మచిలీపట్నము వచ్చిన రాబర్టు నోబులు 1843లో అక్కడ పాఠశాల తెరచి, 1865లో మరణించువరకు ఆ పనిలోనే ఉన్నాడు. మధ్యలో స్వదేశమునకు తిరిగి వెళ్ళలేదు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు, పల్లె ఉపాధ్యాయులపై ఎంతో ఆధారపడినారు. ఆ ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించును. రాత్రి పొలము పని నుండి వచ్చిన పెద్దలకు పాఠము చెప్పును. ఆదివారము ఆరాధన నడిపించును. మా అమ్మ చదివినది అటువంటి పల్లె బడిలోనే. ఒకే పాక వారమంతయు బడి, ఆదివారము గుడి. అయిదవ తరగతితో ఆమె చదువు ఆగిపోయినది గాని, బైబిలు చదువుట ఆగలేదు. ఆ పాకకు గేటు లేదు, బోర్డు లేదు. ఉపాధ్యాయుడు ఉన్నాడు.

కావున బిడ్డను చేర్పించుటకు ముందు కొన్ని సంగతులు అడిగి తెలిసికొనుడి. అడుగుటకు సిగ్గుపడవద్దు.

మొదటిది, బడిని నడుపువారెవరు? సంఘమా, సొసైటీయా, సొంతదారులా? ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా? ఏ తరగతి వరకు ఉన్నది?

రెండవది, ఉపాధ్యాయులు ఎన్నేండ్లుగా పనిచేయుచున్నారు? మా వానికి ఒక్క సంవత్సరములో నలుగురు లెక్కల టీచర్లు మారినారు. జీతము సరిగా ఇవ్వని చోట ఉపాధ్యాయుడు నిలువడు. ఉపాధ్యాయుడు నిలువని చోట ఎన్ని కంప్యూటర్లున్నను ప్రయోజనము తక్కువ. పిల్లలను కొట్టుదురా అనియు అడుగుడి. 2009 నాటి విద్యాహక్కు చట్టము శరీర దండనను, మనస్సును బాధించుటను నిషేధించినది. బెత్తము లేకుండ క్రమశిక్షణ నేర్పుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు ఉన్నదా అని చూడవలెను.

మూడవది, తెలుగు నేర్పుదురా? ఇంగ్లీషు వద్దని మేము చెప్పము. ఉద్యోగమునకు అది అవసరమే. అయితే నాయనమ్మతో కలసి కీర్తన చదువలేని బిడ్డ రేపు సంఘములో పరాయివాడగును.

నాలుగవది, మొత్తము ఖర్చు ఎంత? ఫీజు ఒకటే కాదు. పుస్తకములు, యూనిఫారము, బస్సు, పరీక్ష రుసుము అన్నీ కలిపి కాగితము మీద వ్రాయించుకొనుడి. అప్పు చేసి చదివించు ఇంట బిడ్డ మార్కుల కొరకు భయముతో చదువును.

అయిదవది, బీదల బిడ్డకు అక్కడ చోటున్నదా? ఇక్కడ మన తప్పు మనము ఒప్పుకొనవలెను. మా సంఘములో కూలి పని చేయు ఒక సహోదరుని కుమార్తెను, సంఘమే నడుపు ఒక బడిలో, ఫీజు బాకీ ఉన్నదని పరీక్ష దినమున వరండాలో నిలువబెట్టినారు. ఆ బిడ్డ మధ్యాహ్నము మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, అది మన బడే గదా?" అని అడిగినది. మేము జవాబు చెప్పలేక, వెళ్ళి బాకీ కట్టి వచ్చినాము. బాకీ తీరినది గాని, ఆ ప్రశ్న తీరలేదు.

విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో మొదటి తరగతి సీట్లలో 25 శాతము బీద, బలహీన వర్గముల పిల్లలకు ఇవ్వవలెనన్నది. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకొను హక్కునిచ్చినందున, ఈ చట్టము అల్పసంఖ్యాక వర్గముల బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2025లో అదే కోర్టులోని మరియొక ధర్మాసనము ఈ తీర్పును సందేహించి, పెద్ద ధర్మాసనము పరిశీలించుటకు పంపినది. న్యాయస్థానము ఏమి చెప్పినను, చట్టము బలవంతము చేయని చోటనే గదా మన మనస్సు ఏమిటో బయటపడునది! హక్కును కాపాడుకొందము, దానిని బీదల ఎదుట తలుపు మూయుటకు వాడవద్దు.

మరియొక మాట. మన బడులలో హిందూ, ముస్లిం పిల్లలు చదువుట మనకు ఘనత. ప్రభుత్వ గుర్తింపు గల బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండ ఏ బిడ్డనైనను మతబోధకు కూర్చుండబెట్టరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. అది న్యాయమే. మన సాక్ష్యము బలవంతములో లేదు, ఉపాధ్యాయుని నడతలో ఉన్నది.

చివరకు ఇంటి సంగతి. హన్నా తన బిడ్డయైన సమూయేలును మందిరములో ఏలీ చేతికి అప్పగించినది. అదే మందిరములో పెరిగిన ఏలీ కుమారులు చెడిపోయినారు. పరిశుద్ధ స్థలము ఒక్కటే బిడ్డను నిలువబెట్టదు అనుటకు ఇది సాక్ష్యము. హన్నా బిడ్డను అప్పగించి ఊరకుండలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్ళినది. అంగీ కుట్టవలెనంటే బిడ్డ ఎంత పెరిగినాడో తల్లికి తెలిసి ఉండవలెను గదా! మన బిడ్డ ఎంత పెరిగినాడో, ఏమి నేర్చినాడో, ఏమి నేర్వలేదో మనకు తెలిసినదా? ఫీజు రసీదులు మాత్రమే తెలిసినవా?

మా వానిని ఆ సంవత్సరాంతమున ఒక పాత మిషను బడికి మార్చినాము. అక్కడ బెంచీలు పాతవి, వాన పడితే ఒక మూల కారును. అయితే తరగతి టీచరమ్మ పందొమ్మిదేండ్లుగా అక్కడనే ఉన్నది. ఆ వేసవి రెండు నెలలు మా అమ్మ వానిని అరుగు మీద కూర్చుండబెట్టి పలక మీద అక్షరములు దిద్దించినది. తిమోతికి లోయి అను అవ్వ ఉన్నట్లు వానికి ఈ నాయనమ్మ ఉన్నది. ఆ సంవత్సరము క్రిస్మసు రాత్రి వాడు గుడిలో పాఠము చదివినాడు. రెండుచోట్ల తడబడినాడు. మా అమ్మ ముందు వరుసలో కూర్చుండి, తప్పిన మాటను పెదవులతో అందించినది.

ప్రియులారా, మంచి బడిని వెదకుడి, ప్రశ్నలు అడుగుడి, సంఘపు బడిలో లోపమున్నచో విడిచిపోవుటకు ముందు కమిటీలో కూర్చుండి సరిచేయుడి. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత పావుగంట బిడ్డ ప్రక్కన కూర్చుండుడి. ఆ పావుగంటకు ఫీజు లేదు. ప్రభువు మన గృహములను, మన పాఠశాలలను దీవించును గాక. ఆమెన్.