పుట్టగొడుగు డబ్బా మీద ఏముంది, లోపల ఏముంది

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన కెమిస్ట్‌ని. డబ్బా మీద రాసినంత మందు మాత్రలో ఉందా లేదా అని కొలవడమే నా ఉద్యోగం. అందుకని ఆ పనికి దగ్గరగా ఉన్న విషయమే ఎంచుకున్నాను.

మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల తర్వాత ఈ మధ్య ఎక్కువగా వస్తున్నవి ఔషధ పుట్టగొడుగుల ప్రకటనలు. రీషి, కార్డిసెప్స్, చాగా, లయన్స్ మేన్. షుగరు దిగుతుందట, క్యాన్సరు కరుగుతుందట, పాడైన కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయట. పంపేది మనవాళ్లే. వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. చాలామంది నమ్మే అమ్ముతున్నారు, తామూ వేసుకుంటున్నారు. కానీ ఈ హాల్లో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు చుట్టరికాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. నా బ్యాచ్ మిత్రుడొకడు డయాలసిస్‌కి పలాస వెళ్లి వస్తుంటాడు. వాడు ఒకరోజు ఫోన్ చేసి, "ఏటిరా, ఈ పొడి తాగితే మిషను మానీయొచ్చంట, నిజమేనేటి?" అని అడిగాడు. నేను ఇవాళ మాట్లాడేదంతా వాడి ప్రశ్నకు జవాబే.

రీషి అంటే గానోడెర్మా. పేరు కొత్తగా ఉంది గాని ఆ కుటుంబం ఉద్దానం రైతుకి కొత్త కాదు. కొబ్బరి చెట్టు మొదట్లో ఎర్రటి జిగురు కారి, ఆకులు వేలాడిపోయి, చివరికి మొదలు దగ్గర చెక్కలాంటి గొడుగు పొడుచుకొస్తుందే, ఆ గానోడెర్మా తెగులు తెచ్చే శిలీంధ్రం ఈ ప్రజాతిదే. తిత్లీ తుపాను 2018లో కూల్చగా మిగిలిన చెట్లకు ఇది శత్రువు. చైనా, జపాన్ వాళ్లు దీన్నే వందల ఏళ్లుగా దీర్ఘాయువు కోసం కషాయం కాచుకుంటున్నారు. రెండూ నిజమే. చెట్టుకి తెగులైనంత మాత్రాన మనిషికి విషం కాదు. వందల ఏళ్లుగా తాగినంత మాత్రాన జబ్బు నయమైందనీ కాదు.

శిలీంధ్రాల్లో మందు లేదని నేనంటే అది నా వృత్తికే ద్రోహం. పెన్సిలిన్ బూజు నుంచి వచ్చిందని మన సైన్సు మాస్టారు చెప్పారు. కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్రల మూలమూ బూజే. జపాన్‌లో అకిరా ఎండో 1973లో పెనిసిలియం నుంచి మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నారు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ ఇంకో బూజుది. శిలీంధ్రాల లోకంలో మన తెలుగు పేరు కూడా ఒకటుంది: భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గౌరవార్థం ఒక ప్రజాతికి సబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. పరీక్షలో రాదు, అయినా గుర్తుంచుకోండి.

నా మిత్రుడికి పనికొచ్చే కథ మాత్రం సైక్లోస్పోరిన్‌ది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే మందు అది. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి తీశారు. 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ బూజు అసలు రూపం ఏమిటో 1996లో గాని తేలలేదు: పెంకుపురుగు పిల్లల మీద పెరిగే ఒక కార్డిసెప్స్! ఇప్పుడు గ్రూపులో వచ్చే కార్డిసెప్స్ ప్రకటన చూడండి, "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అంటుంది. ఆ కుటుంబం నుంచి వచ్చి నిజంగా మందైన పదార్థం చేసే పని రోగనిరోధక శక్తిని అణచడం. అది కూడా రక్తంలో ఎంతుందో పరీక్షించుకుంటూ ఇవ్వాలి. తక్కువైతే కొత్త కిడ్నీ పోతుంది, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. మార్పిడి చేయించుకున్నవాళ్లు ఈ మందులు వాడుతూ, ఇంకోపక్క "ఇమ్యూనిటీ" పొడి తాగితే ఏ చెయ్యి ఎటు లాగుతుందో ఎవరు చెప్పగలరు?

కార్డిసెప్స్ వల్ల కిడ్నీ జబ్బు తగ్గుతుందా అని చైనాలో పరిశోధనలు జరిగాయి. వాటిలో 22ని కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్లు 2014లో ఒకచోట పెట్టి వడకట్టారు. క్రియాటినిన్ కొంత మెరుగైనట్టు కనిపించినా, ఆ పరిశోధనలు చేసిన తీరే బలహీనంగా ఉందని, వాటిని నమ్మి గట్టిగా ఏమీ చెప్పలేమని తేల్చారు. రీషి సంగతీ అంతే. షుగరు, బీపీ ఉన్నవాళ్ల మీద చేసిన ఐదు పరిశోధనలు, 398 మందిని చూసి, ఉపయోగం కనిపించలేదన్నారు. క్యాన్సర్‌లో అసలు చికిత్సకు బదులుగా వాడదగ్గ ఆధారం లేదన్నారు. జపాన్‌లో కొన్ని పుట్టగొడుగుల నుంచి శుద్ధిచేసిన పదార్థాలను కీమోకి తోడుగా ఇవ్వడానికి ప్రభుత్వం అనుమతిచ్చిన మాట నిజం. శిటాకే నుంచి తీసిన లెంటినాన్ వాటిలో ఒకటి. కానీ అది ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షను. శిటాకే పొడి డబ్బా మీద ఆ కీర్తి అతికించుకోవడం, మామిడితాండ్ర అమ్ముతూ మామిడితోట బొమ్మ చూపించినట్టు.

కార్డిసెప్స్‌కి పేరు తెచ్చింది ఆటలు. 1993లో చైనా మహిళలు పరుగుపందేల్లో ప్రపంచ రికార్డులు బద్దలుకొడితే, కోచ్ మా జున్‌రెన్ గొంగళిపురుగు శిలీంధ్రం మహిమ అన్నాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి ముందు రక్తపరీక్షల తర్వాత అతని శిష్యురాళ్లు పలువురిని జట్టులోంచి తీసేశారు. అదే సిడ్నీలో మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది.

ఇక హాని. చాగా అనేది చలిదేశాల్లో బర్చ్ చెట్టు మీద నల్లటి బొగ్గుగడ్డలా పెరిగేది. దాన్లో ఆక్సలేటు చాలా ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి పాలకూర వద్దనేది ఈ ఆక్సలేటు వల్లే. జపాన్‌లో కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల ఆవిడ రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరునెలలు తీసుకుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఆక్సలేటు స్ఫటికాలు. ఆవిడకి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ఈ సంగతి 2014లో వైద్యపత్రికలో వచ్చింది. ఉద్దానంలో జబ్బుకి మూలకారణం నీరా, మట్టా, పురుగుమందా అని ఇన్నేళ్లుగా వెతుకుతున్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అలాంటి నేల మీద, కిడ్నీని దెబ్బతీయగలదని తెలిసిన పొడిని కిడ్నీ బాగుచేస్తుందని చెప్పి అమ్మడం నాకు మింగుడుపడదు.

డయాలసిస్ వాళ్లకి ఇంకో లెక్క ఉంది, పొటాషియం. వంద గ్రాముల పచ్చి పుట్టగొడుగుల్లో 300 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. వాటిలో తొంభై శాతం నీరే కాబట్టి ఎండబెడితే అదంతా పది గ్రాముల పొడిలోకి చేరుతుంది. అరగ్రాము క్యాప్సూలుతో ఇబ్బంది ఉండకపోవచ్చు. పాలలో కలిపి చెంచాలు చెంచాలు తాగేవాళ్ల సంగతి వేరు. రక్తం పలచబడే మందులు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు కూడా రీషి విషయంలో డాక్టర్ని అడగకుండా ముందుకెళ్లకూడదు.

డబ్బాలో రాసిందే ఉందా అనేది నా ల్యాబ్ బుద్ధి అడిగే ప్రశ్న. అమెరికాలో అమ్ముతున్న 19 రీషి ఉత్పత్తులను పరీక్షిస్తే వాటిలో ఐదే రాసినదానికి సరిపోయాయని 2017లో ప్రచురించారు. కారణాల్లో ఒకటి చెబుతాను. కొందరు పుట్టగొడుగు పెంచరు. ధాన్యం మీద దాని బూజుదారాలు పెంచి, ధాన్యంతో సహా ఎండబెట్టి పొడిచేస్తారు. "పాలిసాకరైడ్లు 40 శాతం" అని రాస్తారు. పిండిపదార్థం కూడా పాలిసాకరైడే కదా! పుట్టగొడుగులో పిండి ఉండదు. ఏడో తరగతిలో బంగాళదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేసి నీలినలుపు చూశాం, గుర్తుందా? పొడిని నీళ్లలో మరిగించి చల్లార్చి అదే చుక్క వేయండి. నల్లబడితే మీరు కొన్నదాంట్లో పిండి కలిసింది. నల్లబడకపోతే అంతా మంచిదని కాదు, ధాన్యం లేదని మాత్రమే.

డబ్బా చదవడం కూడా నేర్చుకోండి. మన దేశంలో ఇవి మందులు కావు, ఆహార చట్టం కింద అమ్మేవి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016 నిబంధనల ప్రకారం "ఔషధంగా వాడటానికి కాదు" అని డబ్బా మీదే రాయాలి. ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకోండి. క్యాన్సరు, షుగరు, కొన్ని కిడ్నీ జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. గ్రూపులో ఫార్వర్డ్ చేసే తమ్ముళ్లు ఈ సంగతి గమనించాలి.

మరి పుట్టగొడుగులు మానేయాలా? అస్సలొద్దు. కిడ్నీ ఆంక్షలు లేనివాళ్లకి మంచి కూర. ఆవపెట్టి చేస్తే ఇంకా మంచిది. వండే ముందు మధ్యాహ్నం ఎండలో, రేకలు పైకి ఉండేలా అరగంట ఉంచితే మన చర్మంలోలాగే వాటిలోనూ విటమిన్ డి తయారవుతుంది. ఆ డి కోసం ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. తొలకరి తర్వాత సీతంపేట, పార్వతీపురం వైపు కొండల్లో పుట్టల మీద మొలిచేవి ఏరి అమ్మే సవర, జాతాపు అమ్మల దగ్గర కొనండి, వాళ్లకి తరాల ఎరుక ఉంది. మీరు మాత్రం యూట్యూబ్ చూసి ఏరకండి. వెండినాణెం నల్లబడితే విషమని, పసుపు వేస్తే విషం విరుగుతుందని చెప్పేవన్నీ ఉత్తమాటలు. ప్రాణాంతకమైన రకాల విషం ఉడికించినా పోదు. వాంతులు మొదలయ్యేసరికి ఆరేడు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గడిచిపోతుంది.

ఉపాధి కోసం ఈ డబ్బాలు అమ్ముతున్న చెల్లెళ్లకి ఒక మాట. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచడానికి కావలసింది వరిగడ్డి, పాలిథిన్ సంచులు, విత్తనం, ఒక చీకటి గది. గడ్డి ముక్కలుగా కోసి నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, తడి ఆర్చి, పొరలు పొరలుగా విత్తనం చల్లి సంచి కట్టాలి. రెండు మూడు వారాల్లో సంచంతా తెల్లబడుతుంది, అప్పుడు గాలి, వెలుతురు, తడి ఇస్తే మొలకలొస్తాయి. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. తెల్లారి కోసినవి మధ్యాహ్నానికే అమ్ముడుపోవాలి, ఆ కష్టం ఉంది. ఎండాకాలం మన ఉక్కకి పంట సరిగా రాదు, అదీ ముందే చెబుతున్నాను.

నా మిత్రుడు ఆ పొడి డబ్బాని డయాలసిస్ డాక్టరు గారికి చూపించాడు. ఆయన వద్దన్నారు. వాడు మానేశాడు, డయాలసిస్ మానలేదు. ఇవాళ నాలుగో వరసలో కూర్చున్నాడు.

టీ విరామంలో నేను సైన్సు ల్యాబ్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఉంటాను. మాస్టారి అనుమతితో అయోడిన్ సీసా తెచ్చుకున్నాను. డబ్బాలు వెంట తెచ్చుకున్నవాళ్లు తీసుకురండి, మీ మందుల చీటీ కూడా పట్టుకురండి.