మనస్సుకు చెప్పుకొనే మాట

(జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం యాగశాలలో మనమందరం సంకల్పం చెప్పుకొన్నాము. దేశకాలాలను, గోత్రనామాలను ఉచ్చరించి, చేయబోయే కార్యాన్ని వాక్కుతో పలికినాము. అందులో ఆత్మస్తుతి లేశమైనా లేదు. కాని నేడు మనోధైర్యం కోసం అద్దం ముందు నిలిచి "నేనే విజేతను" అని పదే పదే అనుకొమ్మని బోధించే పుస్తకాలు విరివిగా వస్తున్నవి. ఆ మంత్రం అందరికీ పనిచేయదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్, సహచరులతో కలిసి 2009లో ఒక పరిశోధనను ప్రకటించినారు. తమపై తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు ఇట్టి ప్రశంసావాక్యాన్ని మననం చేసినప్పుడు వారి మనస్సు మరింత క్రుంగినట్లు అందులో తేలినది. నమ్మలేని మాటను నాలుక పలికితే మనస్సు ఎదురు తిరుగుతుంది కాబోలు!

అయితే 1988లో క్లాడ్ స్టీల్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఆత్మదృఢీకరణ సిద్ధాంతం వేరు. అందులో స్వీయప్రశంసకు తావు లేదు. కుటుంబం, విద్య, భక్తి, సేవ వంటి వాటిలో తనకు నిజంగా ప్రాణప్రదమైనదేదో స్మరించుకొనడమే అందులోని కీలకం. తరువాతి ప్రయోగాలన్నిటా ఫలితం ఒకే తీరున రాలేదన్నది నిజమే. అయినా ఈ దారి మన సీమకు కొత్తది కాదని నా అభిప్రాయం.

తరిగొండ వెంగమాంబను తలచుకొనండి. 1730లో జన్మించిన ఆ తల్లి బాల్యంలోనే వైధవ్యం పొందినది. వైధవ్యచిహ్నాలను ధరింపనన్నందుకు లోకనిందలు పడినది. అట్టి స్త్రీ కావ్యరచనకు పూనుకొని, తాను గురువు చెంత ఓనమాలైనా నేర్వలేదని నిస్సంకోచంగా చెప్పుకొన్నది. లోపాన్ని దాచలేదు, దానికి లొంగనూ లేదు. తన పలుకుకు తరిగొండ నరసింహుని కృపయే ఆధారమన్నది. వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం వంటి కృతులు వెలువడినవి ఆ కలం నుండియే. తిరుమల ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి నేటికీ జరుగుతున్నది.

తిరుపతికి చదువుకోసం వచ్చి, పరీక్ష తప్పి, ఇంటికి ముఖం చూపలేక గదిలో ముడుచుకొన్న బిడ్డకు "నీవే ప్రథముడవు" అనుకొమ్మనడం క్రూరం. "ఈసారి తప్పినాను. చదువంటే నాకిష్టం పోలేదు. రేపు ఉదయం ఒక్క పాఠం తెరుస్తాను" అనుకొమ్మనండి. ఇందులో ప్రతి మాటా ఆ బిడ్డ నమ్మగలిగినదే.

రెండు వారాలకు పైగా నిద్రాహారాలు దూరమై దిగులు వీడకపోతే మాటలతో, మ్రొక్కులతో కాలయాపన చేయక మానసిక వైద్యుని చూడవలెను. చావు తలపు వచ్చినదా, ఒక్క రోజైనా ఆగరాదు. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులోనూ ఉచితంగా లభిస్తుంది. దయచేసి ఆ సంఖ్యను ఈ సంచిక అట్టపై వ్రాసి పెట్టుకొనండి.

పూర్ణాహుతికి వేళయినది. సెలవు.