ఇంటిపనికి మేస్త్రీని పెట్టుకుంటే...

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టించేవారు, కట్టి బతికేవారు ఇద్దరూ ఈ సభలోనే వున్నారు. కనుక కొంచెం జాగ్రత్తగానే మాట్లాడాలి. మన రాయలసీమలో బేల్దారి అంటాం గదా, పారసీలో ‘బేల్’ అంటే పార. పార పట్టినవాడు బేల్దారు. మేస్త్రీ అనే మాట పోర్చుగీసువారిది. మాటలు ఏ దేశం నుంచి వచ్చినా, జగడం మాత్రం లెక్క దగ్గరే వస్తుంది.

‘అడుగుకు ఎంత?’ అని అడుగుతాం. ఏ అడుగు అని మాత్రం అడగం. గోడల బయటి కొలత 20 అడుగులకు 30 అయితే 600 చదరపు అడుగులు. పైన శ్లాబు నాలుగు వైపులా అడుగున్నర ముందుకు వస్తే, అంచు నుంచి అంచుకు 23కు 33, అంటే 759. లెక్క సులువు కోసం కూలి అడుగుకు 300 రూపాయలు అనుకుందాం. తేడా 159 అడుగులు, 47,700 రూపాయలు! ఇందులో మోసమేమీ లేదు. రెండు రకాల కొలతలూ వాడుకలో వున్నవే. ఏది మనదో ముందు అనుకోకపోవడమే చిక్కు.

తర్వాత, ఆ రేటులో ఏమేమి వున్నాయి? సజ్జలు, అటకలు, పిట్టగోడ, మెట్లు, నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు వున్నాయా? సెంట్రింగ్ రేకుల బాడుగ, మిక్సర్ బాడుగ, పరంజా ఎవరివి? ముగ్గురిని అడిగి తక్కువ చెప్పినవాడికి పని ఇచ్చామని సంతోషపడతాం. ముగ్గురూ ఒకే పనికి రేటు చెప్పారా అన్నది చూడం. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, మంచిదే. కాని కూలి ఖర్చుకు దానితో సంబంధం లేదు.

చిన్న పనుల సంగతి వేరు. స్నానాల గదిలో టైల్సు మార్చాలి, అంతే గదా అనుకుంటాం. పాతవి పగలగొట్టాలి, ఆ రద్దు ట్రాక్టరుకెత్తి పంపాలి, కింద నీరు దిగకుండా మందు పూయాలి, నీళ్ళు నిలిపి చూడాలి, అప్పుడు టైల్సు. రెండు గంటల పనికి పూర్తి రోజు కూలి ఎందుకని కొందరు కోప్పడతారు. మిగతా పూటకు అతనికి ఇంకెవరు పని ఇస్తారు చెప్పండి?

ఇక డబ్బు ఇచ్చే విషయం. ‘ఇంకో పదివేలు ఇయ్యండి సాబ్, కూలోళ్ళకు ఇయ్యాల’ అని మేస్త్రీ శనివారం సాయంత్రం వస్తాడు. యజమాని ‘సోమవారం చూద్దాంలే భాయ్’ అంటాడు. కూలివాడి ఇంట్లో పొయ్యి సోమవారం దాకా ఆగదు. మేస్త్రీ ఏం చేస్తాడు? ఇంకో ఇంటివారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇక్కడి కూలి ఇస్తాడు. రేపు వారి పనికి వెళ్ళక తప్పదు, మన గోడ సగంలో ఆగుతుంది. అటు వాళ్ళు దొంగ అంటారు, ఇటు మనం దొంగ అంటాం. అలాగని మొదటే సగం డబ్బు చేతిలో పోయడమూ మంచిది కాదు. పునాది, బేస్‌మట్టం, గోడలు, శ్లాబు, గిలాబు, బండలు – ఏ దశ ముగిస్తే ఎంతో ముందే అనుకుని, ఆ రోజే ఇచ్చివేయాలి. చివరి భాగం కొంత, నీటి కారుడు చూసుకున్న తర్వాత. మనసు మారి తలుపు పక్కకు జరపమన్నది మనమైతే, పగలగొట్టిన కూలి కూడా మనదే. ఇది మన ఆడవాళ్ళ తప్పని మగవాళ్ళు అంటారు గాని, నేను చూసినంతలో మగవాళ్ళే ఎక్కువ.

నీళ్ళు కొట్టే బాధ్యత ఎవరిదో కూడా రాయండి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ రకానికి కనీసం 10 రోజులు తడి ఆరనీయకూడదు. మన ఎండల్లో ఇంకా ఎక్కువ రోజులు తడిపితే మేలు. వేసవిలో నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎవరి లెక్కలోనూ వుండదు! అలాగే బాడుగ మిగులుతుందని శ్లాబు కింది పోట్లు తొందరపడి తీయించవద్దు. గది వెడల్పు సుమారు 15 అడుగుల లోపైతే కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు వుండాలి. కింద తిరిగేది పిల్లలు.

ఇవన్నీ ఒక్క కాగితం మీద పడతాయి. ‘మనవాడే గదా, కాగితమెందుకు’ అనే మాట వింటుంటాను. మనవాడైతేనే మరీ అవసరం. పరాయివాడితో తగువైతే డబ్బు పోతుంది, మనవాడితో తగువైతే పెళ్ళికి పిలుపులు కూడా ఆగిపోతాయి. చదువురాని మేస్త్రీకైతే నలుగురి ముందు చదివి వినిపించి సంతకమో, వేలిముద్రో తీసుకుని, ఒక ప్రతి అతని చేతికివ్వాలి.

అటువంటి ఒప్పందం నమూనా ఒకటి తెలుగులోను, ఉర్దూలోను అచ్చు వేయించి ఆఫీసులో వుంచవలసిందిగా కార్యవర్గం వారికి మనవి. ఉర్దూ ప్రతి నేను రాసి ఇస్తాను. కొలతల భాగం మాత్రం ఈ సభలో వున్న మేస్త్రీలే ఇద్దరు ముగ్గురు కూర్చుని సరిచూడాలి.