బేసి గీతలు, సరి గీతలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రజతోత్సవం నాటి వీడియో క్యాసెట్లు, పాత ఫోటోలు తెచ్చి ఇవ్వమని సంఘం అడిగితే ఆదోని, ఎమ్మిగనూరు నుంచి చాలామంది తెచ్చారు. టీవీ బొమ్మల పరికరాలతో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి కాబట్టి, వాటిని కంప్యూటర్‌కు ఎక్కించే ముందు తెలుసుకోవలసిన సంగతి చెప్పమన్నారు.

పాత డబ్బా టీవీ బొమ్మను ఒకేసారి గీయదు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో మొత్తం 625 గీతలు, వాటిలో బొమ్మకు పనికొచ్చేవి 576. ముందు బేసి గీతలన్నీ, ఆ తర్వాత సరి గీతలన్నీ గీస్తుంది. ఒక్కో సగానికి పట్టేది సెకనులో 50వ వంతు. 1938లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు పక్కన పెరిగినవాళ్లం, మనకిది వింత కాదు. మగ్గం గుంటలో ఒక చెక్క తొక్కితే పడుగులో బేసి పోగులు లేస్తాయి, నాడె దూరుతుంది. రెండోది తొక్కితే సరి పోగులు లేస్తాయి. ఇంటర్‌లేసింగ్ అంటే ఆ అల్లికే.

ఎందుకీ ఏర్పాటు? సెకనుకు 25 నిండు బొమ్మలే చూపితే తెర రెపరెపలాడుతుంది. 50 నిండు బొమ్మలు పంపాలంటే ప్రసారానికి రెట్టింపు జాగా కావాలి. అందుకే 50 సగం బొమ్మలు పంపారు.

కదిలే బొమ్మకు ఇది బాగానే సరిపోయింది. చిక్కు కదలని ఫోటోతోనే. పెళ్లి ఫోటోలో పట్టుచీర జరీ అంచు సన్నగా, అడ్డంగా ఒకే గీత మీద పడితే, అది సెకనుకు 25 సార్లే వెలుగుతుంది. చూసేవారికి ఆ అంచు వణుకుతుంది. దీనికి మందు ఒకటే: ప్రతి గీతలోనూ దాని విలువ సగం, పై గీతది పావు, కింది గీతది పావు కలపడం. బొమ్మ కాస్త మెత్తబడుతుంది, వణుకు తగ్గుతుంది. ఫోటోను నెమ్మదిగా పైకి జరుపుతూ చూపాలంటే, స్థానాన్ని సెకనుకు 25 సార్లు కాక 50 సార్లు లెక్కకట్టాలి. అప్పుడే కుదుపు ఉండదు.

అయితే ఈ మెత్తదనం ఆ టీవీలో చూపడానికే గాని, దాచుకోవడానికి కాదు. అసలు నష్టం జరిగేది అక్కడే. ఒకప్పుడు చాలా ఇళ్లలో పెళ్లి టేపులను వీసీడీలకు ఎక్కించి, టేపులు పారేశారు. వీసీడీలో ఉండేవి 288 గీతలే, అంటే సరిగ్గా సగం. మా అన్న పెళ్లి మాకు అలాగే మిగిలింది. తలంబ్రాలు పోస్తున్న మా అవ్వ ముఖం పోల్చుకోవాలంటే ఇప్పుడు కష్టం.

మన రజతోత్సవ టేపులకు ఆ గతి పట్టకూడదు. ఇప్పుడు మన మధ్య లేని సార్ల నడక, గొంతు, నవ్వు ఉన్నది వాటిలోనే. వీసీఆర్‌లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లో తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రాలు ఏడాదికేడాది తగ్గుతున్నాయి.

కాబట్టి మూడు మాటలు. ఒకటి, టేపును 576 గీతలతో, బేసి సరి రెండు సగాలూ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించండి. రెండు, ఫోన్లలో చూసుకోవడానికి సెకనుకు 50 బొమ్మలతో వేరే కాపీ చేయండి. 25కి కుదిస్తే నడకలో సాఫీతనం పోతుంది. మూడు, టేపులో ఒక ముఖాన్ని ఫోటోగా తీయాలంటే, మనిషి కదలకుండా ఉన్న క్షణం వెతకండి. అప్పుడు రెండు సగాలూ కలుస్తాయి. కదులుతుంటే అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి. అప్పుడు ఒక సగాన్నే తీసుకుని, మధ్య గీతలు పూరించుకోవాలి.

కాగితం ఫోటోలు స్కాన్ చేశాక కూడా దాచండి. క్యాసెట్లు ఇంకా ఇవ్వనివారు భోజనాల తర్వాత నన్ను కలవండి. వీసీఆర్ వెంట తెచ్చాను.

సెలవు.