పదవీ విరమణ ఉద్యోగమునకే, నడకకు కాదు

(అరియాంకుప్పములో విశ్రాంత రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో పింఛను బకాయిలు, కరువు భత్యము, వైద్య సదుపాయములను గూర్చి మాట్లాడుకొనుట పరిపాటి. ఆ పోరాటము సాగుచునే ఉండవలెను. అయితే పోరాడి సాధించుకొన్న పింఛనును అనుభవించుటకు కాళ్ళలో సత్తువ, గుండెలో బలము ఉండవలెను గదా! అందుచేత ఈనాడు వృద్ధాప్యములో వ్యాయామమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ విషయమునకును మన వృత్తులకును గల సంబంధము చాలామంది ఎరుగరు. శరీరశ్రమ గుండెను కాపాడునని శాస్త్రజ్ఞులకు తొలుత గట్టిగా తోపించినది క్రీడాకారులు కాదు, కార్మికులు. 1953లో లండనులో జెరెమీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక పరిశోధనను ప్రకటించెను. రెండంతస్తుల బస్సులలో కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకన్న, దినమంతయు మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని అందులో తేలినది. వారు తపాలా శాఖను సైతము పరిశీలించిరి. ఇంటింటికి తిరిగి ఉత్తరములు పంచు పోస్టుమన్లకన్న, కుర్చీలో కూర్చుండి పనిచేయు గుమాస్తాలు, టెలిఫోను ఆపరేటర్లు ఈ జబ్బుకు ఎక్కువగా గురియగుచుండిరి. 1962లో అమెరికాలో హెన్రీ టేలర్ బృందము రైల్వే ఉద్యోగులను పరిశీలించగా, గుమాస్తాలలోకన్న పట్టాలపై పనిచేయు గ్యాంగుమన్లలో గుండెజబ్బు మరణములు తక్కువగా కనిపించినవి.

ఈ లెక్కలకు అభ్యంతరములు లేకపోలేదు. డ్రైవర్లకు ఇచ్చిన యూనిఫారముల నడుము కొలతలు కండక్టర్లవాటికన్న పెద్దవని 1956లో మారిస్ బృందమే బయటపెట్టినది. అనగా తేడా యావత్తు పనివలననే వచ్చినదని చెప్పరాదు. కాని తరువాత పెక్కు దేశములలో జరిగిన పరిశోధనలు మూల విషయమును బలపరచినవి. మారిస్ తాను కూడ వ్యాయామమును విడువక 99 ఏండ్లు జీవించి 2009లో కన్నుమూసెను.

ఇక్కడ మనలో చాలామంది ఒక ప్రశ్న వేయుదురు: "బ్రతుకంతా సంచి మోసితిమి, గడ్డపార పట్టితిమి. అరువదేండ్లు నిండిన తరువాత ఇంకను వ్యాయామమెందుకు?" న్యాయమైన ప్రశ్నయే. దానికి రెండు సమాధానములు కలవు. మొదటిది, తపాలా పొదుపు ఖాతాలో వేసిన సొమ్ము మనము కదలకున్నను వడ్డీతో పెరుగును. కండలోని సత్తువ అట్లు నిలువ ఉండదు. పని మానిన నాటినుండి అది కరగుచునే ఉండును. నిన్నటివరకు నడచిన పోస్టుమన్ నేడు పడక కుర్చీకి అంటుకొనిపోయినచో, గుమాస్తాకు గల ముప్పే అతనికిని వచ్చును. రెండవది, చాకిరీ వేరు, వ్యాయామము వేరు. కంకరపై నడక, బరువుల మోత, రాత్రి డ్యూటీలు మన మోకాళ్ళను, నడుములను అరగదీసినవి. అక్కడ శ్రమకు కొలత నిర్ణయించినది పని. ఇక్కడ కొలత నిర్ణయించుకొనునది మనమే. మన ఇండ్లలోని స్త్రీలకును ఇదే వర్తించును. వంటింటి చాకిరీ ఒక్కటే వ్యాయామమునకు పూర్తిగా బదులు కాజాలదు.

వయసు మీరిపోయినదను నిరాశకు తావు లేదు. 1990లో అమెరికాలోని బోస్టనులో, వృద్ధాశ్రమవాసులగు పదిమందిచేత కాళ్ళకు బలము చేకూర్చు కసరత్తు చేయించిరి. వారి సగటు వయసు 90 ఏండ్లు. ఎనిమిది వారములు పూర్తిచేసినవారి కాళ్ళ బలము సగటున రెండింతలకు మించినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారము, 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెను. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగముగా నడచుట మధ్యరకపు శ్రమ. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు నడచినచో 150 నిమిషములగును. వారమునకు రెండు దినములైనను కండలకు బలమిచ్చు కసరత్తు, మూడు దినములైనను పడిపోకుండ కాపాడు తూకపు కసరత్తు అవసరము. ముసలితనములో తుంటి ఎముక విరిగినచో మరల లేచి తిరుగుట ఎంత కష్టమో మన కుటుంబములలో చూచుచునే ఉన్నాము.

వీటికి ఖర్చు లేదు. గట్టి కుర్చీలో కూర్చుండి, చేతుల ఊతము లేకుండ పదిమార్లు లేచి కూర్చుండుడు. గోడ పట్టుకొని ఒంటికాలిపై కొన్ని క్షణములు నిలువుడు. ఒక పాదపు వ్రేళ్ళకు మరియొక పాదపు మడమ తగులునట్లు, పట్టాపై నడచినట్లు గోడ వెంబడి పది అడుగులు వేయుడు. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు కలవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను. ఛాతీలో నొప్పిగాని, కన్నులు తిరుగుటగాని కలిగినచో వెంటనే ఆపి వైద్య సహాయము పొందవలెను. ఈ తీరప్రాంతపు ఉక్కలో ఎండ ముదరకముందే నడక ముగించుట మేలు.

అయితే "నడవండి" అని చెప్పి చేతులు దులుపుకొనుట సంఘము పని కాదు. నడచుటకు చోటు ఉండవలెను. పుదుచ్చేరి నగరములో సముద్రతీర మార్గమున సాయంకాలము మొదలు మరునాటి ఉదయము వరకు వాహనములను ఆపివేయుదురు. అచ్చట ముసలివారు నిర్భయముగా నడచుచున్నారు. అరియాంకుప్పమో, కడలూరు రహదారిపై ఉన్న ఊరు. ఎడతెగని బస్సులు, లారీల నడుమ డెబ్బది ఏండ్ల మనిషి నడచుట ప్రాణముతో చెలగాటము. నగరమునకు తగిన సౌకర్యము శివారు ఊళ్ళకు తగదా? ఏటి ఒడ్డున, అరికమేడు వైపు పోవు దారులలో దీపములు, కూర్చుండుటకు బల్లలు, గుంతలు లేని కాలిబాట కావలెనని మనము స్థానిక పాలకులను కోరవలెను. రైల్వే ఇన్‌స్టిట్యూటుల ఆవరణలను ఉదయము పూట విశ్రాంత ఉద్యోగులకును, వారి కుటుంబములకును తెరచి ఉంచవలెనని యాజమాన్యమును అడుగవలెను. ఇవి దయాధర్మములు కావు, ఏండ్ల తరబడి సేవ చేసినవారి హక్కులు.

ఈలోగా మన చేతిలోని పని మనము చేయుదము. ప్రతి శాఖలోను అయిదారుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడుడు. ఒంటరిగా నడచువాడు వానపడినంతనే మానివేయును, జట్టుగా నడచువానిని తోటివారు వచ్చి తలుపు తట్టి లేపుదురు. రెండు దినములు కనబడని వాని ఇంటికి పోయి మంచిచెడులు విచారించుట కూడ ఆ జట్టు బాధ్యతయే. సంఘటితముగా నిలుచుట ఉద్యోగములో నేర్చుకొన్నాము. సంఘటితముగా నడచుట రేపు ఉదయమే ప్రారంభింతము.